పదోక్లాసు, ఇంటర్ పిల్లలతో కూర్చుని ఎదిగే వయసు సినిమాలు చూడాలంటే ఏం చెయ్యాలి

ఎండాకాలం సెలవులొచ్చాయంటే మా ఇంట్లో ఐదుగురు పిల్లలు పోగవుతారు, అక్క పిల్లలిద్దరు, మా వాడు, వెనకింటి అక్కచెల్లెళ్ళిద్దరు, అందరూ పద్నాలుగుకీ పద్దెనిమిదికీ మధ్యలో ఉన్నవాళ్ళే. మాది విజయనగరం, డాబా ఇల్లు. నాలుగు ఎండాకాలాల నుంచి ఆ డాబా మీద వీళ్ళతో కలిసి ఎదిగే వయసు సినిమాలు చూస్తున్నాను, అంటే చిన్నతనం పోయి పెద్దతనం ఇంకా రాని ఆ రెండు మూడేళ్ళ గురించి తీసిన సినిమాలు. మొన్న మా బ్యాంకులో పనిచేసే ఒకావిడ "మా గుంటడు ఇంట్లో నోరే విప్పడమ్మా, నువ్వేటి చేస్తావో చెప్పు" అని అడిగితే ఫోన్లో గంటసేపు చెప్పాను, అదే ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తాది.

ముందు అసలు సంగతి. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. సినిమా అయ్యాక సినిమాలో పిల్లోడి గురించి అడగండి, మీ పిల్లోడి గురించి అడగొద్దు. మొదటి ఏడాది నేను ఇక్కడే తప్పు చేశాను, సినిమా అవ్వగానే మా వాడి వైపు తిరిగి "చూశావా, నువ్వూ ఇలాగే చేస్తున్నావు" అన్నాను. వాడు చాప మడిచేసి కిందికి వెళ్ళిపోయాడు, నాలుగు రోజులు డాబా ఎక్కలేదు. ఈ వయసులో పిల్లలకి తమ గురించి అడిగితే గొంతు పట్టేస్తుంది, అదే ఇంకొకడి గురించి అడగండి, "వాడు ఎందుకలా అబద్ధం చెప్పాడంటావు" అనండి చాలు, చెప్తూ చెప్తూ తమదే చెప్పేస్తారు, మనం మధ్యలో అడ్డం పడకపోతే. మనం వింటున్నది వాళ్ళ మాటే అని మనకి తెలుసు, వాళ్ళకీ తెలుసు, కానీ పైకి అది సినిమాలో కుర్రాడి మాట. ఆ పరదా ఉండబట్టే వాళ్ళు మాట్లాడగలరు. దాన్ని మనం లాగెయ్యకూడదు.

ఇప్పుడు ఏర్పాట్లు. సెల్లులో ఎవరికి వాళ్ళు చూస్తే ఈ పని జరగదు, ఒకే తెర ఉండాలి, అందరూ ఒకే వైపు చూడాలి. ఎదురెదురుగా కూర్చుంటే ఈ పిల్లలు మాట్లాడరు, ఒకే వైపు చూస్తూ చీకట్లో అయితే మాట్లాడతారు. టీవీ ఉంటే టీవీ చాలు, ప్రొజెక్టరు కొనక్కర్లేదు. మేం రెండో ఏడాది చిన్న ప్రొజెక్టరు తీసుకున్నాం, చవక రకం వాటికి వెలుతురు తక్కువ, బాగా చీకటి పడితేగానీ బొమ్మ కనపడదు, మే నెలలో మా వైపు ఏడు దాటాకే మొదలెట్టాలి. తెరకి తెల్ల దుప్పటి ఇస్త్రీ చేసి తాడుకి క్లిప్పులు పెట్టి బిగించండి, కింద అంచుకి రెండు ఇటుకలు కట్టండి, లేకపోతే గాలికి హీరో మొహం ఊగుతూ ఉంటాది. బ్లూటూత్ స్పీకరు పెడితే ఒక్కోసారి మాట వెనక, పెదాలు ముందు వస్తాయి, వైరుతో కలుపుకోండి. సినిమా పొద్దున్నే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, సాయంత్రం నెట్ మీద ఆధారపడొద్దు. లాప్‌టాప్ నిండా చార్జింగ్ ఉంచండి, కరెంటు పోతే ఐదుగురూ ఆ చిన్న తెర చుట్టూ చేరి చూడ్డం కూడా బానే ఉంటాది, మేం ఒక సినిమా చివరి అరగంట అలాగే చూశాం. దోమల చక్రం, చాపలు, చెంబుతో నీళ్ళు. తినడానికి ఉడకబెట్టిన శనక్కాయలు మంచివి, చప్పుడు ఉండదు, చేతికి పని ఉంటాది, కన్నీళ్ళొస్తే తల దించుకుని కాయ ఒలుచుకోవచ్చు. మా పెద్దగుంట అలాగే చేస్తాది, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను. తాటిముంజెలు మాత్రం సినిమాకి ముందే పెట్టెయ్యండి, నీళ్ళు కారి చాపంతా జిగురు.

పెద్దవాళ్ళలో మీరొక్కళ్ళే ఉండండి, ఎక్కువమంది వద్దు. నలుగురు పెద్దోళ్ళు కూర్చుంటే పిల్లలు బిగుసుకుపోతారు. పక్కింటి పిల్లలు వస్తుంటే వాళ్ళ అమ్మకి ముందే సినిమా పేరు, అందులో ఏముందో చెప్పాలి, ముద్దు సీను ఉందా, కొట్టుకోడం ఉందా, చావు ఉందా, అన్నీ. ఒక్కసారి చెప్పకుండా చూపిస్తే రెండోసారి పంపరు. అందుకని సినిమా నేను ముందు ఒక్కదాన్నే చూస్తాను, ఇది తప్పనిసరి. సెన్సారు సర్టిఫికెట్ కూడా చూడండి, పిల్లలు పెద్దవాళ్ళ సలహాతో చూసే రకాన్ని యూ/ఏ అంటారు, 2024 నుంచి దాన్ని 7 ఏళ్ళు, 13 ఏళ్ళు, 16 ఏళ్ళు అని మూడుగా విడగొట్టారు, కొత్త సినిమాలకి అది ఉపయోగపడతాది, పాతవాటికి ఉత్త యూ/ఏ అనే ఉంటాది, కాబట్టి మన కళ్ళతో మనం చూసుకోడమే దారి. ఇబ్బంది సీను వస్తే రిమోట్ కోసం తడుముకోకండి, ముందుకి జరపడం వల్లే అది పెద్దదైపోతాది. అలాగే వదిలెయ్యండి, అరనిమిషంలో పోతాది, ఒక శనక్కాయ ఒలుచుకోండి.

మొదటి సినిమా ఏది పెట్టాలి అన్నది చాలా ముఖ్యం. గొప్ప సినిమా కదా అని ఫ్రెంచిదో ఇంగ్లీషుదో మొదట పెడితే పిల్లలు సెల్లులోకి వెళ్ళిపోతారు. మా దగ్గర మొదటిది 'కేరాఫ్ కంచరపాలెం', 2018లో వెంకటేష్ మహా తీసింది. కంచరపాలెం అంటే విశాఖపట్నంలో పేట, మాకు రైలెక్కితే గంట, అందులో చాలామంది ఆ పేటవాళ్ళే నటించారు. నాలుగు వయసుల్లో నాలుగు ప్రేమలు ఉంటాయి, అందులో బడి పిల్లల కథొకటి. పిల్లలు ఫస్టు విన్నది ఆ మాట. "పిన్నీ, వీళ్ళు మనలాగే మాట్లాడుతున్నారేటి!" అని మా అక్క కూతురు లేచి కూర్చుంది. వీళ్ళు చూసిన సినిమాల్లో మన యాస మాట్లాడేవాళ్ళు పనివాళ్ళో నవ్వించేవాళ్ళో, ప్రేమించేవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ అదే యాసలో మాట్లాడితే ఆ పిల్ల మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. ఆ రాత్రి ఎవరూ ఏమీ చర్చించలేదు, నేనూ అడగలేదు. మొదటి సినిమాకి ఏమీ అడక్కండి, రేపు కూడా వస్తారా అని మాత్రం అడగండి.

రెండోది మన ఇంటర్ సినిమా, 'కొత్త బంగారు లోకం'. 2008, శ్రీకాంత్ అడ్డాలకి మొదటి సినిమా, వరుణ్ సందేశ్, శ్వేతా బసు ప్రసాద్. మేం చూసినప్పుడు మాకు ఆ ప్రేమే సినిమా. ఇప్పుడు ఈ పిల్లలకి ఆ ప్రేమలో కొన్ని చోట్ల నవ్వొచ్చింది, నవ్వనివ్వండి, కోప్పడకండి, వాళ్ళ కాలం వేరు. కానీ తండ్రి దగ్గరికి వచ్చేసరికి, ప్రకాష్ రాజ్ చేశాడు కదా, కొడుకుని నమ్మే తండ్రి, ఆయన పోయిన దగ్గర ఐదుగురూ నిశ్శబ్దం. ఇక్కడ అడిగిన ప్రశ్న ఒక్కటే, "వాళ్ళ నాన్న తిట్టి ఉంటే బాలుకి తేలిగ్గా ఉండేదా, ఇలా నమ్మడం వల్ల కష్టమైందా". మా వాడు చాలాసేపు ఆలోచించి "తిడితే ఎదురు తిరగొచ్చు, నమ్మితే ఏం చేస్తాం" అన్నాడు. వాళ్ళ నాన్న వీడిని ఎప్పుడూ తిట్టరు. నేను ఏమీ అనలేదు, అవును అని తలూపాను.

మధ్యతరగతి మాస్టారి ఇల్లు, మార్కులు, టిఫిన్లు, ఇవన్నీ కావాలంటే 2024 జనవరిలో వచ్చిన 'నైంటీస్' సిరీస్ ఉంది, శివాజీ తండ్రిగా చేశాడు, ఆరు భాగాలే, రోజుకి రెండు చొప్పున వర్షం పడి డాబా పనికిరాని రోజుల్లో లోపల చూసేయొచ్చు. 'కలర్ ఫోటో' కూడా మంచిదే, 2020, మచిలీపట్నం కథ, ఒంటి రంగు గురించి మాట్లాడుకోడానికి అది దారి తీస్తుంది, అది కాలేజీ వయసు. ముగింపు బాధగా ఉంటాది, ముందే చెప్పండి.

ముగింపు సంగతి ముందే చెప్పడం గురించి కొంచెం ఆగుతాను. సినిమా పాడైపోదా అంటారు. పాడవదు. ఎలా అవుతుందో చెప్పక్కర్లేదు, "చివర గట్టిగా కొడతాది, కావాలంటే అప్పుడు లేచి నీళ్ళు తాగి రావచ్చు" అంటే చాలు. 'సైరాట్' చూపించినప్పుడు ఇది నేర్చుకున్నాను. 2016, మరాఠీ, నాగరాజ్ మంజులే తీసింది. పర్శా, ఆర్చీ, ఒకే ఊళ్ళో రెండు కులాలు, మొదటి సగం పాటలూ ఆటలూ పరుగులూ, రెండో సగంలో వాళ్ళు పారిపోయి మన హైదరాబాదే వస్తారు, తెర మీద తెలుగు బోర్డులు కనపడగానే పిల్లలు కేకలేశారు. ఆర్చీగా చేసిన రింకూ రాజ్‌గురు అప్పటికి స్కూలు పిల్లే, బుల్లెట్ నడుపుతూ వస్తాది, వెనకింటి ఆడపిల్లలిద్దరూ ఆ పిల్లకి ఫ్యాన్స్. చివర్లో మాటల్లేవు, పాట లేదు. దాన్ని చిన్నవాళ్ళకి చూపించొద్దు, పదహారు దాటాలి, ఆ రాత్రి మా అక్క కూతుర్ని కింద పడుకోబెట్టాను, దానికప్పుడు పద్నాలుగు. చూశాక కులం గురించి పిల్లలు అడుగుతారు. మనింట్లో ఏం చేస్తామో, ఎవరికి వేరే గ్లాసు పెడతామో వాళ్ళు చూస్తూనే ఉంటారు. అడిగినప్పుడు నిజం చెప్పాలి. చెప్పలేకపోతే ఈ సినిమా చూపించకండి, చూపించి మాట దాటేస్తే ఇంక మన మాట నమ్మరు.

సబ్‌టైటిల్స్ గోల. మా పిల్లల్లో ఇద్దరు ఇంగ్లీషు అక్షరాలు అంత వేగంగా చదవలేరు, సిగ్గుతో చెప్పరు, చెప్పకుండా బోరు కొట్టిందంటారు. దానికి మేం పెట్టుకున్న పద్ధతి, వంతులవారీగా ఒకరు గట్టిగా తెలుగులో చెప్పడం. వాక్యం వాక్యం తర్జుమా అక్కర్లేదు, "వాళ్ళమ్మ డబ్బులెక్కడివంటోంది" ఇలా, మన మాటల్లో. అర్థం కాకపోతే ఆపుకోడమే. రెండు సినిమాల తర్వాత ఇది ఆటైపోయింది, మా అక్క కొడుకైతే ఒక్కొక్కళ్ళకి ఒక్కో గొంతు పెట్టి చెప్తాడు. పైగా గంటన్నర సినిమాలు ముందు పెట్టండి. 'స్టాండ్ బై మీ' 1986ది, గంటన్నర, నలుగురు కుర్రాళ్ళు రైలు పట్టాల వెంట నడుచుకుంటూ పోతారు, తప్పిపోయిన ఒక పిల్లవాడి శవం ఎక్కడో ఉందని విని చూడ్డానికి. కథ జరిగేది 1959లో అమెరికాలో. స్టీఫెన్ కింగ్ అంటే దెయ్యాల కథల రచయిత అనుకుంటారు, ఇది ఆయన రాసిన చిన్న నవలే. మాకు పట్టాల వెంట నడవడం కొత్త కాదు కాబట్టి మగపిల్లలకి ఇది ప్రాణం. బూతులు ఉంటాయి, తెలుగులో చెప్పేవాడు అక్కడ మింగేస్తాడు.

తండ్రీకొడుకుల విషయంలో అన్నిటికంటే పైన పెట్టేది 'ఉడాన్'. 2010, విక్రమాదిత్య మోత్వానే మొదటి సినిమా, ఫ్రాన్సులో జరిగే కాన్ సినిమా ఉత్సవానికి వెళ్ళింది. రోహన్ అని పదిహేడేళ్ళ కుర్రాడు, సిమ్లా హాస్టల్లోంచి పంపించేస్తే జంషెడ్‌పూర్‌లో తండ్రి దగ్గరికి వస్తాడు, ఎనిమిదేళ్ళుగా తండ్రి మొహం చూడలేదు. వచ్చాక తెలుస్తుంది తనకో చిన్న తమ్ముడున్నాడని. తండ్రిని సార్ అని పిలవాలి. పొద్దున్నే లేచి తండ్రితో పరిగెత్తాలి, కవితలు రాసుకునే పిల్లాణ్ణి ఇంజనీరింగ్ అని, ఫ్యాక్టరీ పని అని తొక్కేస్తాడు. రోనిత్ రాయ్ ఆ తండ్రి వేషం వేశాడు, గట్టిగా అరవకముందే భయం వేస్తాది. ఈ సినిమా చూపించేటప్పుడు ఒక జాగ్రత్త, మీకు తెలిసిన పిల్లల్లో ఎవరింట్లోనైనా తండ్రి చేయి చేసుకుంటాడని మీకు అనుమానం ఉంటే ఆ పిల్లవాడి పక్కనే కూర్చోండి, వాడి వంక చూడొద్దు, పక్కన ఉండండి చాలు. ఆస్పత్రిలో రోహన్ తమ్ముడి కోసం కూర్చుని చుట్టుపక్కల మంచాల వాళ్ళకి కథలు చెప్తాడు, నర్సులూ డాక్టర్లూ కూడా చేరతారు, అంత చీకటి సినిమాలో అదొక దీపం. ఇక్కడ అడగాల్సింది "ఈ తండ్రి చెడ్డవాడా" అని కాదు, పిల్లలు ఠక్కున అవునంటారు, అక్కడితో అయిపోతాది. "ఈయన తన చిన్నప్పుడు ఎలా ఉండి ఉంటాడు" అని అడగండి. మాకు ఆ రోజు పన్నెండు దాటింది పడుకునేసరికి.

ఆడపిల్లల సినిమాలు తక్కువ దొరుకుతాయి, వెతికి పెట్టుకోవాలి, లేకపోతే ఎండాకాలం మొత్తం మగపిల్లల బాధలే చూస్తాం. రీమా దాస్ అని అస్సాం ఆవిడ, తన సొంత ఊళ్ళో, ఊరి పిల్లలతో, కెమెరా తనే పట్టి 'విలేజ్ రాక్‌స్టార్స్' అని తీసింది, 2017, దానికి జాతీయ ఉత్తమ చిత్రం వచ్చింది. ధును అనే పిల్లకి గిటారు కావాలి. థర్మోకోల్‌తో చేసుకున్న ఉత్తుత్తి గిటార్లు పట్టుకుని మగపిల్లలతో తిరుగుతాది, చెట్లెక్కుతాది, ఊరి ఆడవాళ్ళు దెప్పితే తల్లి అడ్డం నిలబడతాది. మధ్యలో పిల్ల పెద్దమనిషి అవుతాది, ఆ తంతు ఉంటాది. మా వైపూ ఆ తంతు తెలుసు కదా, మూల కూర్చోబెట్టడం, పేరంటాళ్ళు రావడం. మగపిల్లల్ని కిందికి పంపేద్దామా అనుకున్నాను, పంపలేదు, పంపకపోవడమే మంచిదైంది. సినిమా అయ్యాక వెనకింటి చిన్నది "ఆ పిల్ల మళ్ళీ చెట్టెక్కుతాదా ఎక్కనివ్వరా" అంది. ఆ ప్రశ్నకి మగపిల్లలిద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు, తర్వాత మా వాడు మెల్లిగా, "నువ్వు మా జామచెట్టెక్కడం ఎందుకు మానేశావు" అని అడిగాడు. అదేమందంటే "మీ నాయనమ్మ వద్దంది". మా అత్తగారు. మర్నాడు నేను ఆవిడతో మాట్లాడాను, చెట్టు ఎక్కింది పిల్ల.

'సీక్రెట్ సూపర్‌స్టార్' 2017ది, వడోదర పిల్ల, పాటలు పాడాలి, తండ్రి పాడనివ్వడు, అందరికీ ఎక్కుతుంది, సులువు. తల్లీకూతుళ్ళ మధ్య గొడవలకి మాత్రం 'లేడీ బర్డ్' చూడండి, గ్రెటా గెర్విగ్ తీసింది, 2017. పాత బట్టల కొట్లో తల్లీ కూతురూ మాటా మాటా అనుకుంటుంటారు, అంతలో మంచి గౌను ఒకటి కనపడితే ఇద్దరూ ఒక్కసారే ఆహా అంటారు, గొడవ గాలికిపోతాది. మా వెనకింటి ఆవిడని ఆ రోజు పైకి పిలిచాను, ఆ సీనుకి ఆవిడ, పెద్దకూతురు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వారు, అంతకుముందే పండగ డ్రెస్సు దగ్గర బట్టల షాపులో అంత రభస జరిగిందట.

'డెడ్ పోయెట్స్ సొసైటీ' గురించి అడిగేవాళ్ళు ఉంటారు, 1989, రాబిన్ విలియమ్స్ మాస్టారు. నాకు ఇష్టమైన సినిమా. కానీ అందులో డాక్టరు కావాలని పట్టుబట్టే తండ్రి, నాటకాలంటే ప్రాణమైన కొడుకు, ఆ కొడుకు ప్రాణం తీసుకోవడం ఉంది. మన ఇంటర్ పిల్లల మీద ఉన్న ఒత్తిడి మనకి తెలుసు. అందుకని రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఇది వద్దేవద్దు, ఏ పిల్లయినా కొన్నాళ్ళుగా తిండి మానేసి, ముభావంగా ఉంటే అసలే వద్దు. చూస్తే మీరు పక్కనుండి చూడండి, అయ్యాక ఎవరినీ ఒంటరిగా పడుకోనివ్వకండి, ఎవరితో చెప్పుకోవాలో కూడా చెప్పండి. టెలి మానస్ అని ప్రభుత్వం నంబరు ఉంది, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ ఉంటారు. ఆ నంబరు మా మెట్ల పక్క గోడ మీద స్కెచ్‌తో రాసి ఉంది, సినిమా ఉన్నా లేకపోయినా.

నలుపు తెలుపు సినిమాలకి రావాలంటే పిల్లలకి మన మీద కొంచెం నమ్మకం కుదరాలి, అందుకే చివర్లో పెట్టాను. 1959లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫో తీసిన 'ది 400 బ్లోస్' పెట్టినప్పుడు మా అక్క కొడుకు అడిగాడు, "పిన్నీ, నాలుగొందల దెబ్బలు ఎక్కడ, లెక్కపెడుతున్నాను ఒక్కటే పడింది" అని. ఫ్రెంచిలో నాలుగొందల దెబ్బలు అంటే చెయ్యని అల్లరి లేదు అని నానుడి, ఇంగ్లీషులో మాటకి మాట పెట్టేశారు, అంతే. ఆంత్వాన్ అని పన్నెండు పదమూడేళ్ళ కుర్రాడు, బడి ఎగ్గొట్టినందుకు మాస్టారు నిలదీస్తే మా అమ్మ చచ్చిపోయింది అనేస్తాడు. డాబా అంతా గొల్లుమంది. ఆ నవ్వు నెమ్మదిగా ఎలా ఆగిపోయిందో చెప్పలేను, ఎందుకంటే వాణ్ణి ఇంట్లో ఎవరూ అసలు చూడరు అని ఒక్కొక్క సీనుకీ తెలుస్తూ వస్తాది. చివర వాడు పరిగెత్తి పరిగెత్తి సముద్రం దగ్గరికి వస్తాడు, జీవితంలో ఎప్పుడూ సముద్రం చూడలేదు, నీళ్ళలో కాలు పెట్టి మన వైపు తిరుగుతాడు, బొమ్మ ఆగిపోతాది. మాకు భీమిలి, చింతపల్లి, అటు కళింగపట్నం, ఎటు వెళ్ళినా సముద్రమే, పదమూడేళ్ళు వచ్చినా సముద్రం చూడని పిల్లాడు ఉంటాడని వీళ్ళకి తట్టలేదు. ఇక్కడ అడగడానికి ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు. "ఇప్పుడు వాడు ఎక్కడికెళ్తాడు?" ఐదుగురూ ఐదు చెప్పారు, చేపల పడవెక్కుతాడని ఒకరు, ఇంటికే పోతాడు పాపం ఇంకెక్కడికి పోతాడని ఒకరు. ఎవరు ఏం చెప్పారో గుర్తుపెట్టుకోండి.

ఇంక 'అపరాజితో'. సత్యజిత్ రాయ్, 1956, వెనిస్ సినిమా ఉత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చింది. అపు కథలో రెండో సినిమా ఇది, మొదటిది 'పథేర్ పాంచాలి', అది ముందు చూస్తే మంచిదే, చూడకపోయినా ఇది అర్థమవుతాది. తండ్రి పోయాక ఊళ్ళో తల్లీ కొడుకుల కథ. కొడుకు బాగా చదువుతాడు, స్కాలర్‌షిప్ వస్తాది, కలకత్తా వెళ్ళి చదువుకుంటానంటాడు, తల్లి ముందు వద్దంటాది, తర్వాత తను దాచుకున్న డబ్బులు తీసిస్తాది. వాడు చిన్న గ్లోబు చేత్తో పట్టుకుని వెళ్తాడు. ఇంటి దగ్గర్నుంచి దూరంగా రైలు కనపడతాది, తల్లి చెట్టు కింద కూర్చుని ఆ రైలు చూస్తూ ఉంటాది.

మా అక్క కొడుకు పదోక్లాసు అవ్వగానే విజయవాడ వైపు హాస్టల్లో పడ్డాడు. వాడు ఫస్టియర్ అయ్యి వచ్చిన ఎండాకాలం అది. అక్క కూడా ఆ రోజు పైకొచ్చి కూర్చుంది, సినిమాలంటే పెద్ద ఇష్టం లేని మనిషి, వచ్చి కూర్చుని మధ్యలో రెండు మూడుసార్లు "ఆ కుర్రాడు తిన్నాడేటి?" అని అడిగింది, అపు కలకత్తాలో ప్రెస్సులో రాత్రిళ్ళు పనిచేసుకుంటూ చదువుతుంటే. సెలవులకి ఇంటికొచ్చిన అపు పక్క మీద పడుకుని ఉంటాడు, తల్లి పక్కన కూర్చుని చెప్పుకుంటూ పోతాది, నాకు జబ్బు చేస్తే వస్తావా, చూసుకుంటావా అని, అడిగి అడిగి చూస్తే కొడుకు ఎప్పుడో నిద్రపోయాడు. స్టేషను వైపు నుంచి మా రైలు కూత వినపడింది అదే టైముకి. హౌరా వెళ్ళే బళ్ళన్నీ మా ఊరి మీదుగానే కదా. ఎవరూ కదల్లేదు. మిగతాది చెప్పను, చూడండి, తల్లి తన జబ్బు సంగతి కొడుక్కి రాయనివ్వదు, పరీక్షలు పాడవుతాయని, అక్కడి వరకే చెప్తాను.

సినిమా అయ్యాక నేను లైటు వెయ్యలేదు. ఇది మీకూ చెప్తున్నాను, సినిమా అవ్వగానే లైటు వెయ్యొద్దు, ఓ పావుగంట చీకటి ఉండనివ్వండి. అక్క ఒక్క మాటే అంది, "ఆ గుంటడు ఆ రాత్రి నిద్దరపోకపోతే బాగుణ్ణు." అంతే. నేను అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మానేశాను. కాసేపటికి చాప మీంచి వాడి గొంతు వినపడింది, "అమా, ఆదివారం ఫోన్లకి లైన్ పెద్దదుంటాదని చెప్పేవాణ్ణి కదా. లైన్ ఉండేది కాదు. నీ గొంతు వింటే ఏడుపొచ్చేస్తాదని చేసేవాణ్ణి కాదు." ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారం ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి మా అక్క. అది ఏమీ అనలేదు, శనక్కాయల గిన్నె వాడి వైపు జరిపింది. నేను మిగతా పిల్లల్ని తీసుకుని కిందికి దిగిపోయాను. అలాంటప్పుడు పెద్దవాళ్ళు చెయ్యాల్సింది అదే, నీళ్ళ చెంబు అక్కడ వదిలేసి మెట్లు దిగిపోవడం.

ఎన్ని సినిమాలు అంటే వారానికి రెండు మించొద్దు. రోజూ పెడితే సినిమా మీద సినిమా పడి ఏదీ లోపలికి దిగదు, మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ ఉంటే వాళ్ళే అన్నం తింటూనో బట్టలు ఆరేస్తూనో ఆ మాట ఎత్తుతారు. 'బాయ్‌హుడ్' లాంటివి, 2014, అదే కుర్రాణ్ణి పన్నెండేళ్ళ పాటు ఏటా కొంచెం కొంచెం తీసి ఒక సినిమా చేశాడు లింక్‌లేటర్, రెండు ముప్పావు గంటలు, దాన్ని రెండు రాత్రులు చెయ్యండి. దాని తర్వాత పిల్లల పాత ఫొటోలు బయటికి తియ్యండి, మేం తీశాం, డాబా మీద ఆ రాత్రి ఒక్క సెల్లు కూడా వెలగలేదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. సినిమా పేరు, తేదీ, ఎవరొచ్చారు, ఎవరు ఏమన్నారు ఒక్క లైను. తీర్పులు రాయొద్దు, నచ్చలేదన్నా అలాగే రాయండి. మూడో ఏడాది నుంచి ఎంపిక పిల్లలకి ఇచ్చేశాను, వంతులవారీగా, నాకు నచ్చనివి కూడా వస్తాయి, కూర్చుని చూస్తాను, నన్ను వాళ్ళు ప్రశ్నలడుగుతారు, సినిమాలో వాళ్ళమ్మ గురించి. పద్ధతి నాదే కాబట్టి నేనూ జవాబు చెప్పాలి.

మా అక్క కొడుకు ఇప్పుడు డిగ్రీ, విశాఖపట్నంలో రూము. ఈ ఏడు మొదటి వంతు వాడిదే. పాత పుస్తకం తిరగేసి 'ది 400 బ్లోస్' పేజీ దగ్గర తను చెప్పింది చదివి, అది మళ్ళీ పెట్టమన్నాడు, అప్పుడు చెప్పింది తప్పంట, ఆంత్వాన్ ఎక్కడికెళ్తాడో ఇప్పుడు తెలిసిందంట, సినిమా అయ్యేదాకా చెప్పడంట. దుప్పటి ఉతికి ఆరేశాను, శనివారం పొద్దున్న బండికి వస్తానన్నాడు.